జీర్ణరథం

గోదావరీ తీరంలోని రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు కలరు. ముప్పై సంవత్సరాలకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రాలు బోధించిన ఆయన, పదవీ విరమణ అనంతరం ప్రతి ఏకాదశినాడు సమీపంలోని దేవాలయ మండపంలో ఉపనిషత్ ప్రవచనం చేయడం నియమంగా పెట్టుకొన్నారు. ఆయనకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది కఠోపనిషత్తు. దేహాన్ని రథంగాను, ఆత్మను రథికునిగాను, బుద్ధిని సారథిగాను నిరూపించే ఘట్టాన్ని ఆయన వివరిస్తూ ఉంటే శ్రోతలు కాలాన్ని మరచి వినేవారు.

దేహమే తాను కాదని ఇన్ని సంవత్సరాలు బోధించిన ఆ పండితునికి, ఒక ఇనుప రథం తనది కాదని అంగీకరించడానికి రెండు మాసాల కాలం పట్టింది. ఆ రెండు మాసాల వృత్తాంతం సాధకులందరికీ మననయోగ్యమైనది.

ఆ రథం తెల్లని మారుతి 800. 2000వ సంవత్సరం శ్రావణమాసంలో భవిష్యనిధి నుండి ఋణం తీసుకొని ఆయన దానిని కొన్నారు. 796 సి.సి. ఇంజను, మూడు సిలిండర్లు, నలుగురు సుఖంగా కూర్చొనగలిగిన చిన్న శరీరం. 2003 గోదావరి పుష్కరాలలో దూరప్రాంతాల నుండి వచ్చిన బంధువులందరినీ కోటిలింగాల రేవుకు చేర్చినది అదే. కుమారుని ఉపనయనానికి పురోహితులను తీసుకొనివచ్చినది అదే. 2017 మాఘమాసంలో ఒక అపరరాత్రి ఆయన సహధర్మచారిణిని వైద్యశాలకు తీసుకొనివెళ్ళినదీ అదే. తెల్లవారిన తరువాత ఆ కారు ఆమె లేకుండా తిరిగి వచ్చింది.

ప్రతి దసరాకు ఆమె స్టీరింగుపై కుంకుమబొట్టు పెట్టేది. ఆమె గతించిన తరువాత ఆయన కారు కడిగించేవారే గాని, ఆ స్టీరింగును ఎవరిచేతా తుడువనిచ్చేవారు కారు. చెమటకు, ఎండకు వెలిసిపోయి, ఒక ఎఱ్ఱని ఛాయ మాత్రమే అక్కడ మిగిలింది.

స్వంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలు చెల్లుతుంది. తదుపరి తనిఖీ చేయించి, ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 2015లో ఒకసారి, 2020లో మరొకసారి ఆయన ఆ విధంగా పొడిగించారు. 2025లో మూడవ పర్యాయం గడువు ముగియవచ్చినప్పుడు కుమారుడు వినయంగానే అయినా స్పష్టంగా చెప్పాడు.

“నాన్నగారూ, ఇందులో ఎయిర్ బ్యాగులు లేవు. బ్రేకులు మీ కాలి బలం మీద ఆధారపడి ఉన్నాయి. మీకు డెబ్బై రెండేళ్ళు. ఇక కొత్తది తీసుకొందాం.”

ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. కొంతసేపటికి హర్పాల్ సింగ్ ఉదంతాన్ని ప్రస్తావించారు. 1983 డిసెంబరు 14న నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొట్టమొదటి మారుతి 800 తాళంచెవిని అందుకొన్న ఆయన, 2010లో తాను మరణించేవరకు ఆ కారును విడువలేదు. “అది వ్యామోహం కాదురా, కృతజ్ఞత” అన్నారు మాస్టారు. కుమారుడు వాదించలేదు. పాత మెకానిక్‌ను పిలిపించాడు.

ఆ మెకానిక్ ఆ కారును మొదటి నుండి ఎరిగినవాడు. జాకీ ఎత్తి, క్రిందికి దూరి, టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. పక్కనే మాస్టారి పదేళ్ళ మనుమరాలు మోకాళ్ళపై వంగి తానూ చూస్తున్నది. అతడు చేతులు తుడుచుకొంటూ లేచి, “మాస్టారూ, డ్రైవరు సీటు కింద రేకంతా తుప్పు తినేసిందండి. బ్రేకు పైపులు కూడా అలాగే ఉన్నాయి. బాగు చేయించే డబ్బుతో ఇంకో పాతబండి వస్తుంది. ఊళ్ళో మెల్లగా తిప్పుకొంటే తిప్పుకోండి గానీ, హైవే మాత్రం ఎక్కించకండి” అన్నాడు.

ఆ మాటలలో మొదటి సగమే ఆయన హృదయంలో నిలిచింది. ఊళ్ళో మెల్లగా తిప్పుకోవచ్చు. అనగా రథానికి ఇంకా ఆయువున్నది.

కుమారుని ఆందోళన అర్థమై కొత్త కారుకు ఆయన సమ్మతించారు. పాతదానిని మాత్రం అమ్మడానికి మనస్సు ఒప్పలేదు. తుక్కుకు పంపడమన్న మాటే చెవిన పడనీయలేదు. అప్పుడే ఆయనకొక ఉపాయం స్ఫురించింది. దేవాలయంలో పూలమాలలు కట్టే యువకుడొకడు ప్రవచనం నాడు మండపం ఊడ్చి, దీపాలు వెలిగించి, చివరి వరుసలో కూర్చొని వినేవాడు. భార్య, ఒక పసిబిడ్డ గలవాడు. అతనికి ఈ కారును దానం చేస్తే? అర్హునికి చేరుతుంది. పుణ్యం లభిస్తుంది. ప్రతి ఏకాదశికి దేవాలయం ముందు అది కంటికి కనబడుతూనే ఉంటుంది.

ఈ చివరి వాక్యమే ఆ దానానికి అసలు కారణమని ఆయనకు ఆనాడు తోచలేదు.

కబురందుకొన్న యువకుడు ఆనందంతో నోట మాట రాక నిలబడిపోయాడు. కొంతసేపటికి, “కార్తీకంలో పాపని తీసుకొని జగ్గంపేట వెళ్ళొస్తామండి, మాస్టారూ. మా అత్తవారి ఊరు అక్కడేనండి” అన్నాడు. మాస్టారు మందహాసంతో తల ఊపారు.

అతడు వెళ్ళిన తరువాత మనుమరాలు తాతగారి వద్దకు వచ్చింది.

“తాతగారూ, మెకానిక్ గారు హైవే ఎక్కించొద్దన్నారు కదా?”

“అవునమ్మా.”

“మరి జగ్గంపేట హైవే మీదే కదా? ఆయనకి చెప్పారా?”

“పెద్దల విషయాలలో నీకేమి పని? వెళ్ళి చదువుకో” అన్నారాయన. ఆ కంఠంలోని కాఠిన్యం ఆయనకే క్రొత్తగా వినిపించింది. బాలిక తలవంచుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సంధ్యాసమయంలో ఆయన అనుష్ఠానానికి కూర్చొన్నారు. చిత్తం నిలువలేదు. తాను దాదాపు కంఠస్థంగా చెప్పగల కథ ఒకటి కన్నుల ముందు నిలిచింది. వాజశ్రవసుడు సర్వస్వం దానం చేయవలసిన యజ్ఞం చేస్తున్నాడు. దక్షిణగా ఇస్తున్న గోవులు మాత్రం ముదిమి పైబడి, పాలు ఉడిగి, ఇక దూడను కనలేనివి. ఋత్విక్కులు చూస్తున్నారు, సభాసదులు చూస్తున్నారు. పలుకవలసి వచ్చినవాడు బాలుడైన నచికేతుడొక్కడే. ఆ ప్రశ్నకు తండ్రి ఇచ్చినది సమాధానం కాదు, కోపం.

ఇన్నేళ్ళుగా ఆ ఘట్టాన్ని ఆయన నాలుగు వాక్యాలలో ముగించి, యమధర్మరాజు ఇంటి వాకిలికి త్వరపడి వెళ్ళేవారు. శ్రోతలకు కావలసినది మృత్యురహస్యమే గాని, ముసలి గోవుల వృత్తాంతం కాదని తలచేవారు. ఆ సాయంకాలం మాత్రం ఆ గోవులు ఆయనను విడువలేదు. ఆ ప్రవచనంలో తాను ఎప్పుడూ యముని పక్షాన కూర్చొని బోధించాడు. ఇంటిలో మాత్రం వాజశ్రవసుడై పసిబిడ్డను గద్దించాడు.

దానం అనే పదంలోని లోతు ఇక్కడ విచారింపదగినది. ఇచ్చేవాడు వస్తువుపై స్వత్వాన్ని విడువడం ఒక అంశం. స్వీకరించేవానికి దానివలన హితం కలగడం మరొక అంశం. మొదటిది లేకపోతే అది దానం కాదు. రెండవది లేకపోతే అది తన భారాన్ని ఇతరుల భుజంపైకి మార్చడం మాత్రమే. మాస్టారు ఇవ్వబూనిన దానిలో ఈ రెండూ లేవు. స్వత్వం కాగితంపై మారుతుందే గాని, చూపులో మారదు. ఇక హితమా? తన కుమారుడు తన ప్రాణం కోసం ఏ వాహనాన్ని వలదన్నాడో, అదే వాహనంలో ఒక పసిబిడ్డను ఆయన కూర్చోబెట్టబోయారు. తెలిసిన దోషాన్ని చెప్పకపోవడం అసత్యంలో భాగమే. మమకారం ఎంత సూక్ష్మమైనదంటే, త్యాగం చేయమన్నప్పుడు అది త్యాగం వేషంలోనే వచ్చి ముందు నిలుస్తుంది.

మరునాడు సూర్యోదయానికే ఆయన దేవాలయానికి వెళ్ళారు. యువకుడు నందివర్ధనాలు గుచ్చుతున్నాడు. మాస్టారు అతని ఎదుట పీటపై కూర్చొని జరిగినదంతా దాచకుండా చెప్పారు. తుప్పు సంగతి, మెకానిక్ హెచ్చరిక, అది తెలిసి కూడా తాను మౌనం వహించిన సంగతి. “తప్పు నాది, నాయనా. మన్నించాలి” అన్నారు.

యువకుడు చేతిలోని దారం వదలి తత్తరపాటుతో లేచి నిలబడ్డాడు. “అయ్యో, మీరు అలా అనకూడదండి మాస్టారూ. అయినా నాకు ఇంకా డ్రైవింగే రాదండి. నేర్చుకొందామనుకొన్నాను” అన్నాడు. అతని ముఖంలో నిరాశ కనబడకపోలేదు. దానిని అతడు దాచుకొన్న తీరు చూసి మాస్టారి తల మరింత వాలిపోయింది.

ఇంటికి వచ్చి మొదట మనుమరాలిని పిలిచారు. “నీవు అడిగినది సరియైన ప్రశ్న. కోపగించడం నా దోషం” అని చెప్పారు.

2021లో కేంద్రప్రభుత్వం రూపొందించిన నియమావళి ననుసరించి పాత వాహనాలను శాస్త్రీయంగా విడదీసే నమోదిత కేంద్రాలు కలవు. వాహనంతోపాటు ఆర్.సి.ని అప్పగిస్తే డిపాజిట్ ధ్రువపత్రం ఇస్తారు. విడదీసేటప్పుడు చాసిస్ సంఖ్య గల భాగాన్ని కత్తిరించి వేరుచేస్తారు. అటుపై ఆ పేరుతో, ఆ సంఖ్యతో ఇక వాహనమనేది ఉండదు. ఇనుము మాత్రం ఉంటుంది. అది కరగి మరొక రూపం ధరిస్తుంది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన దృష్టాంతాలలో మట్టి, బంగారంతోపాటు ఇనుము కూడా ఉన్నదని ఆయన ఎన్నోసార్లు బోధించారు. నామరూపాలు తొలగిపోవడమంటే ఏమిటో ఇప్పుడు స్వయంగా సంతకం చేసి చూడవలసి వచ్చింది.

కారు తీసుకొనివెళ్ళే రోజున ఆయన వెనుకసీటు క్రింద చేయి పెట్టి చూశారు. నాణెములు రెండు, ఒక తలపిన్ను దొరికాయి. తలపిన్నును జేబులో వేసుకొన్నారు. తరువాత తడిబట్ట తీసుకొని, ఎనిమిదేళ్ళుగా ఎవరినీ తాకనీయని ఆ స్టీరింగును తానే తుడిచారు. ఎఱ్ఱని ఛాయ గుడ్డకు అంటలేదు. అది కుంకుమ కాదు, ఏనాడో ప్లాస్టిక్కులో ఇంకిన మచ్చ మాత్రమే. ఆయన కొంతసేపు దానిని చూస్తూ కూర్చొని, దిగి, తాళంచెవిని అప్పగించారు. కంట నీరు తిరిగింది. ఆయన దానిని దాచుకొనలేదు. దుఃఖం రాకపోవడం వైరాగ్యం కాదు. దుఃఖం కలిగినప్పటికీ చేయవలసిన పని ఆగకపోవడమే వైరాగ్యానికి ఆరంభం.

తుక్కుకు వచ్చిన సొమ్ము స్వల్పం. దానికి తన పింఛనులో కొంత జోడించి ఆ యువకుని డ్రైవింగ్ శిక్షణకు, లైసెన్సుకు రుసుము చెల్లించారు. ఇది దానమని ఆయన ఎవరితోనూ అనలేదు.

కార్తీకమాసంలో కొత్త కారుకు వాహనపూజ చేయించడానికి అన్నవరం బయలుదేరారు. కుమారుడు నడుపుతున్నాడు. వెనుక మనుమరాలి పక్కన మాలలు కట్టే యువకుడు, అతని భార్య, ఆమె వద్ద పసిబిడ్డ. రాజానగరం దాటి హైవే ఎక్కినప్పుడు మనుమరాలు తాతగారి భుజం తట్టి నవ్వింది. జగ్గంపేటలో ఆ దంపతులను దింపి, అత్తవారు బలవంతపెడితే మజ్జిగ త్రాగి, అక్కడి నుండి సత్యదేవుని సన్నిధికి వెళ్ళారు. చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టిన తరువాత అర్చకులు కుంకుమ అందించారు. ఆయన దానిని మనుమరాలి చేతికిచ్చి స్టీరింగుపై బొట్టు పెట్టించారు.

కార్తీక శుద్ధ ఏకాదశినాడు ప్రవచనం మరల కఠోపనిషత్తు మొదటి వల్లికి వచ్చింది. శ్రోతలు నచికేతుడు యమలోకానికి ఎప్పుడు చేరుతాడా అని వేచి ఉన్నారు. ఆ సాయంకాలమంతా మాస్టారు గోవుల వద్దనే నిలిచిపోయారు.

స్వస్తి.