ధనంబోడు రెక్కల జంతువు

మా జగ్గయ్యపేటను ఆనుకొని ధనంబోడు అనే దిబ్బ ఉన్నది. అది బౌద్ధస్తూప శిథిలం. చిన్ననాడు అక్కడ గాలిపటాలు ఎగురవేశానే గాని, అందులో ఏమున్నదని ఎవరినీ అడుగలేదు.

ఆ ఊరి పాఠశాలలోనే తెలుగు పండితుడిగా ఉన్నప్పుడు, అర్ధసంవత్సర పరీక్షలో "మా ఊరు" అని వ్యాసం ఇచ్చాను. ఒక పిల్లవాడు వ్యాసం చివర రెక్కలున్న నాలుగుకాళ్ళ జంతువును గీచాడు.

"ఏమిట్రా ఇది?"

"బోడు రాళ్ళమీద ఉండేవటండీ. మా తాత చెప్పాడు."

"మీ తాత చూశాడా?"

"వాళ్ళ తాత చూశాడటండీ."

తెలుగు పరీక్షలో బొమ్మలేమిటని రెండు మార్కులు తగ్గించాను. వాడు మారుమాట లేకుండా కాగితం తీసుకొని వెళ్ళాడు.

భాషాప్రవీణ చదివేనాడు "ఈహామృగం" అనే మాటను ఎన్నిసార్లు వల్లించానో! తోడేలు అన్నాము, దశరూపకాలలో ఒకటి అన్నాము. సుందరకాండ పుష్పకవర్ణనలోనూ ఆ మాట వస్తుంది, కల్పితమృగాలని అర్థం చెప్పుకొన్నాము. మాట నోట ఉన్నది, మృగం మాత్రం కంటపడలేదు.

పదవీవిరమణ చేసి నందిగామలో స్థిరపడిన తరువాత, జేమ్స్ బర్జెస్ 1887లో ప్రకటించిన అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల గ్రంథం అంతర్జాలంలో దొరికింది. ధనంబోడును తవ్వించినది ఆయనే, 1882లో. పటాలు తిరగవేస్తుండగా చెయ్యి ఆగిపోయింది. రాతిపలకల మీద అర్ధస్తంభాలు, గంటవంటి స్తంభశీర్షాలు, వాటిపైన రెక్కల జంతువులు! క్రీస్తుకు పూర్వపు పనితనమట.

ఆ స్తూపానికే, కొన్ని వందల ఏళ్ళ తరువాత, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ పాలనాసంవత్సరంలో, నాగచంద్రుని కుమారుడైన సిద్ధార్థుడనే శిల్పి తూర్పువాకిట అయిదు ఆయకస్తంభాలు నిలిపాడు. ఊరిపేరు వెలగిరి అని శాసనంలో ఉన్నది. దానం ఇచ్చినది రాజు కాదు, ఉలి పట్టినవాడు. తన ఇంటివారి పేర్లు కూడా చెక్కించుకొన్నాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పవలసినవాడిని నేనే.

మంచి పలకలు మద్రాసు చేరాయి. ఎగ్మూరు మ్యూజియంలో మాంధాత చక్రవర్తి చెయ్యెత్తితే నాణేల వాన కురిసే ఫలకాన్ని చూశాను. ధనంబోడు నుండి వెళ్ళిన రాయిమీద ధనవర్షం! నవ్వు వచ్చింది గాని నిలువలేదు. మా ఊళ్ళో మిగిలినవి ఇటుకలూ, ఒక తాత చెప్పిన మాటా. ఆ మాటనే నేను కొట్టివేశాను.

మొన్న ఆ వీధికి వెళ్ళాను. తాత ఎప్పుడో పోయాడు. పిల్లవాడు హైదరాబాదులో ఉన్నాడట. ఫోను నంబరు తెచ్చుకొన్నాను. రెండు మార్కుల సంగతి ఎలా ఎత్తుకోవాలో ఇంకా తోచలేదు.