సున్నాకీ సున్నాకీ తేడా

2008 డిసెంబరు, న్యూజెర్సీ. లేమన్ బ్రదర్స్ మునిగి మూడు నెలలు. అపార్ట్‌మెంటులో నలుగురం ఉంటే ఇద్దరు అప్పటికే బెంచి మీదున్నారు. నా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. సరిగ్గా అప్పుడే క్లయింటు గిడ్డంగి నుంచి ఫిర్యాదు: ఫోన్లో తీసుకున్న కొత్త ఆర్డర్లు ప్యాకింగ్ లిస్టులో రావడం లేదు. వెబ్ ఆర్డర్లు మాత్రం భేషుగ్గా వస్తున్నాయి.

సైటు కేక్‌పీహెచ్‌పీలో కట్టింది. షేర్డ్ హోస్టింగు కాబట్టి ఎక్స్‌డీబగ్ లాంటి వైభోగాలు లేవు. మనకొచ్చిన విద్య ఒకటే, అనుమానం ఉన్నచోటల్లా పీఆర్ పెట్టడం. వేరియబుల్ లోపలున్నదాన్ని పేజీ మీద కక్కిస్తుందది. కాన్ఫిగరేషన్లో డీబగ్ సున్నా ఉంటే మాత్రం నోరెత్తదు. (అది మర్చిపోయి ఓ గంట తగలేశాను లెండి.)

రెండు రకాల ఆర్డర్లూ పక్కపక్కన పెట్టి చూశాను. స్టేటస్ దీనికీ సున్నాయే, దానికీ సున్నాయే. రెండు రాత్రులు అలా చూస్తూనే ఉన్నాను. మూడోరోజు ఒళ్లు మండి, లిస్టు కోడు రాసిన హైదరాబాదు కుర్రాడికి "టెస్టు చెయ్యకుండా ఎలా పంపావు?" అని మెయిలు కొట్టాను. మేనేజరుకి సీసీ కూడా పెట్టాను.

జవాబు రాలేదు, ఫోనొచ్చింది. "అన్నా, ఒక్కసారి వార్‌డంప్ పెట్టి చూస్తావా?"

పెట్టాను. వెబ్ ఆర్డరుకి స్ట్రింగు సున్నా, ఫోన్ ఆర్డరుకి ఇంటిజరు సున్నా! పీఆర్ లోపల పనిచేసే ప్రింట్‌ఆర్‌కి ఆ తేడా పట్టదు. వేమనగారి ఉప్పూ కర్పూరం వ్యవహారమే. కుర్రాడి షరతేమో, స్టేటస్ 'క్యాన్సిల్డ్' అయితే వదిలెయ్యమని, రెండు ఈక్వల్స్‌తో. అప్పటి పీహెచ్‌పీ అంకెనీ మాటనీ పోల్చాల్సొస్తే మాటనే అంకె చేసేది. 'క్యాన్సిల్డ్' కాస్తా సున్నా అయి కూర్చునేది. 2020 నవంబరులో పీహెచ్‌పీ 8 వచ్చేదాకా ఇదే తంతు.

మరి ఆ ఇంటిజరు ఎక్కణ్ణుంచొచ్చింది? ఫోన్ ఆర్డర్లు ఎక్సెల్ షీటులోంచి వస్తాయి. అంకెల వెనక స్పేసులు ఉంటున్నాయని ఇంట్‌వాల్ తగిలించిన మహానుభావుణ్ణి నేనే. పక్కన కామెంటులో నా ఇనీషియల్సు కూడా ఉన్నాయి.

మూడో ఈక్వల్స్ చేర్చడం నిమిషం పని. "తప్పు నాది" అని అందరికీ సీసీ పెట్టి రాయడానికి గంట పట్టింది. రెన్యూవల్ మీద ఇంకా సంతకం కాలేదు మరి! ఓసారి "కమ్యూనికేషన్ గ్యాప్" అని కూడా రాసి చూశాను. సిగ్గేసి చెరిపేశాను. చివరికి ఉన్నదున్నట్టు రాసి, కళ్లు మూసుకుని పంపేశాను.

పది నిమిషాల్లో మళ్లీ వాడే ఫోను.

"పర్లేదన్నా, రెండు ఈక్వల్సూ నావేగా. అది సరేగానీ, ఆ వార్‌డంపు తీసెయ్యి. డీబగ్ సున్నా పెట్టినా అది ఆగదు. గిడ్డంగి వాళ్ల పేజీ నిండా అదే కనిపిస్తోంది."