ఐస్‌లాండ్‌లో ఒక్కరోజు: బస్సా, కారా?

‘దిల్‌వాలే’ (2015) పాటలో షారుఖ్, కాజోల్ వెనకాల దూకిన స్కోగాఫోస్ జలపాతం గుర్తుందా? న్యూయార్క్ నించి లండన్ వెళ్తూ రేక్యవీక్‌లో ఒక్కరోజు మజిలీ. అది చూడాల్సిందేనని మా ఆవిడ పట్టు.

“కారు తీసుకుందామండీ, ఇష్టమొచ్చినచోట ఆగొచ్చు” అంది. నిజమే, మా ఐదేళ్ళవాడికి గంటకోసారి ఆగాలి మరి! కానీ రాత్రంతా విమానంలో జాగారం. అక్కడ బళ్ళు నడిచేది కుడిపక్కన. డిసెంబరులో పగలు 4 గంటలే. జలపాతం 150 కిలోమీటర్ల దూరం. నిద్రకళ్ళతో పెళ్ళాంబిడ్డల్ని ఎక్కించుకుని నడపనన్నాను. జూన్‌లో, ఒక రాత్రి పడుకుని లేచాకైతే కారే మేలు.

బస్సెక్కాం. గైడు చెప్పిందాంట్లో సగం నిద్రలోనే పోయింది. 60 మీటర్ల ఎత్తునించి పడే తుంపర మొహాన కొట్టేసరికి ముగ్గురికీ మత్తు దిగింది.

“షారుఖ్‌లా చేతులు చాపరేం?” అంది ఆవిడ, కెమెరా పట్టుకుని.

ఆ చలికి చేతులు జేబుల్లోంచి వస్తేగా!