ఒక్క అక్షరం తప్పు

పిల్లలూ! దేవరకొండలో మా అన్న ఏనాడూ చుట్ట ముట్టినవాడు కాడు. అయినా దగ్గు పట్టుకుంది. క్షయ అనుకొని ఆరు మాసాలు మందులు మింగించారు. హైదరాబాదు తీసుకుపోతే తేలింది, ఊపిరితిత్తుల క్యాన్సరని!

మన కణాలలో జన్యువుల వ్రాత ఉంటుంది. సుమారు 300 కోట్ల అక్షరాలు. అన్న కణితిలో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. నలభై ఏళ్లు డిక్టేషన్ దిద్దిన నాకు నోట మాట రాలేదు. ఆ తప్పున్నవారికి ఏ మాత్ర బాగా పనిచేస్తుందో 2004లో అమెరికాలో కనిపెట్టారు. దానితో అన్న మరి రెండేళ్లు పొలానికి పోయివచ్చాడు.

ఇప్పుడు వేలకొద్దీ ఎక్స్‌రేలూ, జన్యువుల వ్రాతలూ జవాబులతో సహా చూపి, రోగాన్ని ముందే పోల్చడం కంప్యూటరుకు నేర్పుతున్నారు. పరాయి దేశాలవే చూచిన యంత్రం మనవాళ్ల దగ్గర పొరబడవచ్చు. అన్న మొదటి ఎక్స్‌రే నా పెట్టెలోనే ఉంది. అడిగితే ఇస్తాను.