ఊరికే వచ్చిన ప్లీడరు

“ఊరికే వచ్చిన ప్లీడరు ఊరికే ఉంటాడు బాబూ” అంది పిన్ని.

కూర్మన్నపాలెంలో మా నాన్న స్టీల్‌ప్లాంటు నుంచి రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు మాది. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా వంట చేస్తున్న ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తాను. పెదగంట్యాడ నుంచి వస్తుంది. ఆవిడ చిన్నకొడుకు అద్దె ఆటో నడిపేవాడు. ఒక రాత్రి ఎవరో ఫోన్ చేస్తే ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దగ్గర ఇద్దర్ని ఎక్కించుకుని దువ్వాడ స్టేషనుకి బయల్దేరాడు. మధ్యలో పోలీసులు ఆపారు. ఒకడు దూకి పారిపోయాడు, రెండోవాడు దొరికాడు. వాళ్ళ సంచుల్లో గంజాయి ఉంది, ఇరవై కిలోల పైన. ఆటో నడిపినవాడు కూడా ముద్దాయి అయ్యాడు.

ఇరవై కిలోలు అన్న అంకె ఎంత బరువైనదో అప్పటికి నాకు తెలీదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి ఇరవై కిలోలు దాటితే అది ‘వాణిజ్య పరిమాణం’. రుజువైతే పదేళ్ళకి తక్కువ కాకుండా ఇరవయ్యేళ్ళ వరకూ శిక్ష, లక్షకి తగ్గకుండా జరిమానా. బెయిలు రావాలంటే 37వ సెక్షను దాటాలి. ఇతను నేరం చెయ్యలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్ళీ నేరం చెయ్యడనీ జడ్జికి అనిపించాలి. అంటే విచారణ మొదలవకముందే సగం విచారణ గెలవాలి. చేతిలో మంచి లాయరున్నవాడికే అది గండం.

రిమాండు రోజున “లాయరున్నాడా?” అని అడిగితే, “మా అమ్మ చూసుకుంటాది” అన్నాడట కుర్రాడు.

వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చింది. నేను చదువుకున్నవాణ్ణి కదా, చూసుకున్నాను. స్నేహితుడు చెప్పిన లాయర్ని మాట్లాడాను. పిన్ని తాకట్టు పెట్టింది కొంత, నేనిచ్చింది కొంత, మొత్తం నలభై వేలు కట్టాం. బెయిలు పిటిషన్ పడింది, నెలలోపే కొట్టేశారు. ఆ పిటిషన్ కాపీ అడిగి తెచ్చుకుని ఒక రాత్రి కూర్చుని చదివాను. అందులో కుర్రాడి వృత్తి ‘వ్యవసాయ కూలీ’ అని ఉంది. ఆటో అన్న మాట ఒక్కచోట కూడా లేదు. పదిహేనేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, సేవ్ కొట్టిన పని ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఉచిత న్యాయసహాయం మాట నేనెత్తింది అప్పుడు. పిన్ని పైన రాసిన మాట అన్నదీ అప్పుడే. ఆవిడ పైకి అంది, నేను అనలేదు, అంతే తేడా. నలభై వేలు కట్టడం వెనక ఉన్నది నా నమ్మకం కూడా అదే. డబ్బు పుచ్చుకోని లాయరు పని చెయ్యడని.

ఆ నమ్మకం మా ఊళ్ళో కొత్తది కాదు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో రావిశాస్త్రిగారి ‘ఆరు సారా కథలు’ చదివి, భాష గురించి, ఉపమానాల గురించి తెగ మాట్లాడేవాణ్ణి. ఆయన ఈ విశాఖపట్నం కోర్టుల్లోనే ప్లీడరీ చేసిన మనిషన్న సంగతిని ఒక వివరంగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు మళ్ళీ తీస్తే వేరే పుస్తకంలా ఉంది. అప్పుడు మద్యనిషేధం, సారా. ఇప్పుడు గంజాయి. అడవివరం సెంట్రల్ జైల్లో ఈ కేసుల వాళ్ళే ఎక్కువమంది. ఏజెన్సీ నుంచి మూట మోసినవాడూ బండి తోలినవాడూ దొరుకుతారు. సరుకు ఎవరిదో వాడు దొరకడు. కోర్టు ముందు నిలబడ్డ పేదవాడికి చట్టమూ పోలీసూ ప్లీడరూ అందరూ ఒకే వ్యాపారంలో భాగస్తుల్లా కనిపించడం ఆ కథల్లో ఉంది. పిన్ని ఆ పుస్తకం చదవలేదు. ఆవిడకి అక్కర్లేదు.

కాగితం మీద మాత్రం మన ఏర్పాటు చిన్నది కాదు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39-ఎ అధికరణం వచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదంది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు. పడాల్సిన శిక్ష కంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగా మగ్గుతున్న బీహారు పేదలది. 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ముద్దాయి అడగలేదు కాబట్టి లాయర్ని ఇవ్వలేదంటే చెల్లదంది, ఆ శిక్షని కొట్టేసింది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం ఆడవాళ్ళకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, కస్టడీలో ఉన్న ఎవరికైనా సరే ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఇవ్వాలి. 15100కి ఫోన్ చేస్తే చాలు. మొదటిరోజే ఆ ఫోన్ చెయ్యగలిగేవాణ్ణి. చెయ్యలేదు.

అమెరికాలో 1963 గిడియన్ తీర్పు తర్వాత పేద ముద్దాయికి లాయర్ని ఇవ్వడం రాష్ట్రాల బాధ్యత అయింది. చాలా రాష్ట్రాలు ఆ ఖర్చులో పెద్ద భాగాన్ని కౌంటీల మీదకి తోశాయి. దాంతో ఏ కౌంటీలో పట్టుబడ్డావన్నదాన్ని బట్టి నీ లాయరు ఎలాంటివాడో తేలుతుంది. మన దగ్గర జీవీఎంసీకి వీధిదీపాలతో పనిగానీ ముద్దాయిలతో పనిలేదు. జిల్లా న్యాయసేవల అధికార సంస్థకి జిల్లా జడ్జే అధ్యక్షుడు. 2022లో జాతీయ సంస్థ కొత్త పద్ధతి తెచ్చింది. కేసుకింత అని ఫీజు తీసుకునే ప్యానెల్ లాయర్లకి బదులు, పూర్తికాలం ఈ పనే చేసే డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు. పెద్ద లాయరుకి పదేళ్ళ అనుభవం ఉండాలి, ఆ కింద డిప్యూటీకి ఏడేళ్ళు, ఆ తర్వాత అసిస్టెంట్లు. బయట ప్రాక్టీసు చెయ్యకూడదు. దీన్లో ఒక మంచి ఉంది, మేయరు మారితే లాయరు మారడు. ఒక ఇబ్బందీ ఉంది. ముద్దాయి తరఫున జడ్జితో గట్టిగా వాదించాల్సిన మనిషి ఉద్యోగం చివరికి జడ్జీల చేతుల్లోనే ఉంటుంది.

పాత లాయరు దగ్గర ‘అభ్యంతరం లేదు’ అని సంతకం తెచ్చుకోవడానికి వారం పట్టింది. దరఖాస్తు ఒక్క పేజీ. ఆదాయం సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. కేసు ఒక అసిస్టెంటుకి ఇచ్చారు. ముప్ఫై కూడా ఉండవేమో ఆ అమ్మాయికి. పిన్ని ఆ పిల్లని చూసి, నా వైపు చూసి, ఏమీ అనలేదు.

ఆ అమ్మాయి అడవివరం వెళ్ళింది. కుర్రాడు లోపలికెళ్ళి నాలుగు నెలలైంది, అంతవరకూ ఒక్క లాయరూ అతన్ని కలవలేదు. ఆటో ఎవరిది, రోజుకి అద్దె ఎంత, ఆ ఇద్దరూ నిన్నెలా పిలిచారు, ఫోన్ ఇప్పుడెక్కడుంది అని అడిగిందట. ఆ నంబరు నుంచి అంతకుముందెప్పుడూ ఫోన్ రాలేదన్నాడు. నిజమో కాదో కాల్ రికార్డులు చెప్తాయి. వాటిని కంపెనీ ఎప్పటికీ దాచిపెట్టదు కాబట్టి భద్రపరచమని కోర్టులో పిటిషన్ వేసింది. గొప్ప న్యాయశాస్త్రమేమీ కాదది. మనిషిని కలిస్తే తెలిసే సంగతి.

నన్ను ఇబ్బంది పెట్టింది ఇదే. ఈ అమ్మాయి వెళ్ళింది. వెళ్ళకపోతే ఎవరికి తెలిసేది? 2010 నిబంధనల ప్రకారం కేసుల ప్రగతి చూడ్డానికి పర్యవేక్షణ కమిటీలున్నాయి. 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో, జైళ్ళలో న్యాయసహాయ క్లినిక్కులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో ఎప్పటికప్పుడు చూడమని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సివచ్చింది. మా ఆఫీసులో డాష్‌బోర్డు ఉంటుంది. టికెట్ ఎవరికో ఒకరికి అప్పగిస్తే చాలు, గడి పచ్చబడుతుంది. కస్టమరు సమస్య తీరిందా అన్నది ఆ పచ్చరంగు చెప్పదు. ‘లాయర్ని ఇచ్చాం’ అన్నది కూడా అలాంటి పచ్చగడే. లాయరు జైలుకి ఎన్నిసార్లు వెళ్ళాడు, మొదటిసారి ఎన్నో రోజున వెళ్ళాడు, బెయిలు పిటిషన్‌లో ఆ మనిషికే చెందిన సంగతి ఒక్కటైనా ఉందా అన్నవి లెక్కపెట్టాలి. ముఖ్యంగా, లోపలున్న మనిషినే అడగాలి. డబ్బిచ్చినవాడు లాయర్ని నిలదియ్యగలడు, మార్చగలడు. డబ్బివ్వని వాడికి ఆ బలం లేదు. వాడి తరఫున నిలదియ్యడమే పర్యవేక్షణ. అది లేకపోతే పిన్ని సామెత నిజమవుతుంది.

అయితే నేను నిలదియ్యగలిగి కూడా నిలదియ్యలేదు. నలభై వేలిచ్చి, నా పనైపోయిందనుకుని, నాలుగు నెలలు ఊరుకున్నాను. మా కేసులో ఊరికే ఉన్నది ఊరికే వచ్చిన ప్లీడరు కాదు.

ఇది గెలుపు కథ కాదు. రెండో బెయిలు పిటిషన్ కూడా కొట్టేశారు. విచారణ ఇంకా మొదలవలేదు. ఆ ఆర్డరు కాపీ పట్టుకొచ్చి పిన్ని చదవమంది. వంటింటి గట్టు మీద పెట్టుకుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. కొట్టేసిన ఆర్డరే. కానీ అందులో, ముద్దాయి అద్దె ఆటో నడిపేవాడనీ, అపరిచితులు ఫోన్ చేస్తే వెళ్ళాడన్నది అతని వాదన అనీ, కాల్ రికార్డుల సంగతి విచారణలో తేలాలనీ ఉంది.

“అయితే మావోడు సెప్పింది జడ్జీగారు ఇన్నట్టేనా బాబూ?” అంది.

ఇన్నట్టే పిన్నీ, అన్నాను. ఆవిడ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, పొయ్యి మీద పప్పు చూడ్డానికి వెళ్ళింది.