మూత మీద ఏటి రాసుంది?

నేను విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. ఇక్కడ అన్నలు, అక్కలు రాసేవి చదవడమే గానీ నేనెప్పుడూ రాయలేదు. దసరా సెలవుల్లో మా వ్యాన్‌కి, మా నాన్నకి జరిగింది చెప్పాలనిపించి రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా నాన్న పాత వ్యాన్ నడుపుతాడు. సీటు ఎత్తితే కింద ఇంజిన్ కనిపించే రకం. కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులకి కొంత అప్పు కలిపి నాలుగేళ్ల కిందట కొన్నాడు. సంతకి జనాన్ని, ఆస్పత్రికి రోగుల్ని, హాస్టళ్లకి పిల్లల్ని దింపుతాడు. నా చదువు ఖర్చు కూడా ఆ బండే మోస్తోంది.

ఏడాదిగా ఆ బండికి ఒక జబ్బు. నీళ్లు తాగడం. రేడియేటర్‌లో పొద్దున్న నిండుగా పోస్తే సాయంత్రానికి తగ్గిపోయేవి. నాన్న సీటు వెనక ఎప్పుడూ రెండు పెద్ద బాటిళ్లతో గెడ్డ నీళ్లు ఉంచుకునేవాడు. తగ్గినప్పుడల్లా పోసేవాడు. కూలెంట్ అనేది ఒకటి ఉంటుందని మా ఊళ్లో ఎవరూ అనుకోరు. నీళ్లే కదా అంటారు.

సెలవులకి వస్తూ మాడుగుల దగ్గర నాన్న బండే ఎక్కాను. లోపల తొమ్మిది మందిమి, పైన మూటలు. గరికబంద దాటి ఘాట్ ఎక్కుతుంటే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదకి వెళ్లిపోయింది. నాన్న బండి పక్కకి ఆపాడు. మామూలుగా అయితే చల్లారే దాకా ఆగుతాడు. ఆ రోజు వాన మొదలైంది, చీకటి పడుతోంది, వెనక కూర్చున్న అవ్వకి జ్వరం. నాన్న తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పేశాడు.

ఒక్కసారి బుస్సుమని ఆవిరి, మరిగే నీళ్లు పైకి తన్నాయి. నాన్న కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. నేను అప్పుడు ముందు సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను.

ఎవరో పేస్టు రాయమన్నారు. నేను వద్దని చెప్పి, బాటిల్ నీళ్లు, తర్వాత పక్కనే కొండ మీంచి పడుతున్న నీళ్ల కింద చాలాసేపు చెయ్యి పెట్టించాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను. పన్నెండు రోజులు కట్టు కట్టించుకున్నాడు.

మూడో రోజు నాన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మూత ఎడమ చేత్తో నా ముందు పెట్టాడు. "నువ్వు సదువుకున్నావు కదా నానా, దీని మీద ఏటి రాసుందో సెప్పు" అన్నాడు.

దాని మీద ఇంగ్లీషులో రాసుంది, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తెరవకండి అని. మధ్యలో 0.9 అని అంకె ఉంది. చదివి చెప్పాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అలగా. మరి నాకు ఎవులూ సెప్పలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

ఎందుకంటే ఆ విషయం నాకు తెలుసు. ప్రెషర్ కుక్కర్ ఎలా పనిచేస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో కుక్కర్ లేదు, కాబట్టి ఆ పాఠం ఇంటికి సంబంధించింది కాదనుకున్నాను. రేడియేటర్ కూడా కుక్కర్ లాంటిదే. నీరు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి అక్కడ 97 డిగ్రీలకే మరిగిపోతుంది. ఆ మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి 115 దాటితే గానీ మరగదు. 0.9 అంటే ఎంత ఒత్తిడి దాకా ఆ మూత ఆపుతుందో చెప్పే అంకె. వేడి మీద మూత తీస్తే ఆ ఒత్తిడి ఒక్కసారి పోతుంది, 100 దాటి ఉన్న నీళ్లు అక్కడికక్కడే ఆవిరై మీదకి వస్తాయి.

ఇదంతా నా నోట్సులో ఉంది. నాన్న చేతికి అందలేదు.

పాడేరులో ఒక మెకానిక్‌కి చూపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందన్నాడు, ఇంజిన్ విప్పాలి, పదహారు వేలు అన్నాడు. అంత డబ్బు లేదు. ఉన్నా అది నా ఫీజుకి దాచిన డబ్బు. "ముందు మనం సూద్దాం" అన్నాడు నాన్న. ఆయన చెయ్యి కట్టులో ఉంది. చెప్పడం ఆయన వంతు, పట్టుకోవడం నా వంతు.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాం. గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిస్తే అది మజ్జిగ రంగుకి తిరుగుతుంది. మాది నల్లగా, మామూలుగా ఉంది. మూత తీసి, చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి రేడియేటర్ నోట్లోకి చూశాం. ఆగకుండా బుడగలు వస్తే అది గాస్కెట్ పనే కావచ్చు. రాలేదు. ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్ నుంచి తెల్ల పొగ కూడా లేదు. సగం భయం పోయింది.

మళ్లీ చల్లారాక మూత బిగించి, బండి కింద పాత అట్టపెట్టెలు పరిచి ఇరవై నిమిషాలు ఇంజిన్ నడిపాను. చల్లగా ఉన్నప్పుడు ఒక్క చుక్క కూడా లేదు. వేడెక్కి ఒత్తిడి పెరిగాక బండి మధ్యలో, డ్రైవర్ సీటు కింద అట్ట తడిసింది. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ఆ చుక్క పడిన చోటికి దగ్గర్లో ఉన్న క్లాంపు గట్టిగా బిగించాను. దొరికిందని సంబరపడ్డాను. మర్నాడు ఊరి బయట ఎత్తు ఎక్కేసరికి ముల్లు మళ్లీ లేచింది.

నాన్న నవ్వాడు. "వానాకాలం మనిల్లు కారితే నీళ్లు ఎక్కడ పడతాయి? పొయ్యి దగ్గర. చిల్లు ఎక్కడుంటాది? పైన ఎక్కడో దూలం మొదట్లో. నీళ్లు దూలం పట్టుకుని నడిసొస్తాయి రా" అన్నాడు.

మా బండిలో రేడియేటర్ ముందు ఉంటుంది, ఇంజిన్ సీటు కింద. రెంటినీ కలుపుతూ పొడుగాటి ఇనప పైపులు, వాటి చివర్లకి రబ్బరు గొట్టాలు. నాన్న చెప్పినట్టు పైపంతా గుడ్డతో పొడిగా తుడిచి, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి దాని మీద రాశాను. మళ్లీ ఇంజిన్ నడిపి, ఆపి, చల్లారాక టార్చి వేసి చూశాం. బూడిద మీద నల్లగా తడి దారి కనిపించింది. చుక్క పడే చోటు నుంచి వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే, మూరెడు దూరంలో ముందు వైపు, ఇనప పైపుకి రబ్బరు గొట్టం తొడిగిన చోట ఆగింది.

రబ్బరు లాగితే లోపల పైపు తుప్పు పట్టి గుంటలు గుంటలుగా ఉంది. ఎంత బిగించినా ఆ గుంటల్లోంచి నీళ్లు వస్తాయి. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా చేసే మందు కలుపుతారు. మనం ఏళ్ల తరబడి ఉత్త నీళ్లే పోశాం.

తుప్పు తిన్న మూడు వేళ్ల పొడుగు పైపుని రంపంతో కోసేశాను. అంచు ఆకురాయితో నున్నగా చేసి, ఎమిరీ కాగితంతో రుద్దాను. కోసిన మేర కలిసొచ్చేలా పొడుగు గొట్టం కొత్తది కొని, రెండు కొత్త క్లాంపులు బిగించాను. కూలెంట్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాం. మూత తీసి ఉంచి, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, గొట్టాలు పిసుకుతూ లోపలి గాలి పోయేదాకా నింపాం. గాలి ఉండిపోతే నీళ్లు నిండుగా ఉన్నా ఇంజిన్ వేడెక్కిపోతుంది.

గొట్టం 420, క్లాంపులు 80, కూలెంట్ 700, డిస్టిల్డ్ వాటర్ 100, ఎమిరీ కాగితం 10. మొత్తం 1,310 రూపాయలు.

నేను హాస్టల్‌కి తిరిగొచ్చే రోజు జనంతో ఘాట్ దిగాం. నన్ను దింపి నాన్న తిరుగు ప్రయాణంలో నిండు బండితో అమ్మవారి పాదాల దాకా ఎక్కి ఫోన్ చేశాడు. "ముల్లు మద్దిలోనే ఉంది నానా" అన్నాడు.

బండి ఉన్నవాళ్లకి మూడు మాటలు. వేడి మీద మూత తియ్యొద్దు, కనీసం అరగంట ఆగండి. మరిగిన ఇంజిన్లో చన్నీళ్లు గబుక్కున పొయ్యొద్దు, హెడ్ పగలొచ్చు. కూలెంట్ తియ్యగా ఉంటుంది గానీ విషం. నీళ్ల బాటిల్లో దాచొద్దు, గెడ్డలో పారబొయ్యొద్దు. పిల్లలు, కుక్కలు తాగే ప్రమాదం ఉంది.

ఆఖరి మాట. బయల్దేరే ముందు మూత పక్కన తెలుగులో రాసి అతికిస్తానన్నాను. "నాకు సదవడం రాదు కదా, బొమ్మ ఎయ్యి" అన్నాడు నాన్న. చెల్లి గోళ్ల రంగు తీసుకుని ఎర్రటి అరచెయ్యి వేశాను. ఇప్పుడు సంత దగ్గర మిగతా డ్రైవర్లు అదేంటని అడుగుతున్నారట, నాన్న చెబుతున్నాడట.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఇంటికెళ్లినప్పుడు బండి మీద, పురుగుమందు డబ్బా మీద, అమ్మ వేసుకునే మాత్రల మీద ఏం రాసుందో ఒకసారి చదివి చెప్పండి. వాళ్లు అడిగే దాకా ఆగకండి. నేను ఆగాను.