యతి తప్పిన జ్ఞాపకం

ముప్పై రెండేళ్ళు ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ బోధించి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడు గేమింగ్ కంప్యూటరును గురించి వ్రాయడమేమిటని మిత్రులు విస్తుపోవచ్చు. వ్రాస్తున్న నాకే కొంత విడ్డూరంగా ఉంది. అయినా మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా దుబాయిలో ఉంటారు. మనవడు ఎనిమిదో తరగతి నుంచీ హైదరాబాదులో మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. వాడికీ వాళ్ళ అమ్మమ్మకూ ఉన్న చనువు నాతో లేదు. వాడు ఫోనులో లారీ నడిపే ఆట ఆడుతూంటే మా ఆవిడ పక్కన చేరి, చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఎక్కడికి పోతోందిరా ఈ లారీ?" అని అడిగేది. వాడు ఊరి పేరు చెప్పేవాడు. ఆమెకు ఆ ఊరు తెలియదు, వాడు చూసిందీ లేదు. అయినా ఆ సంభాషణ ప్రతి సాయంత్రమూ సాగేది.

ఆమె 2022లో వెళ్ళిపోయింది. పోస్టాఫీసులో నెలకు 1000 రూపాయల చొప్పున అయిదేళ్ళు కట్టిన రికరింగు డిపాజిట్టు అంతకు కొద్ది నెలల ముందే చేతికొచ్చింది. డెబ్బై రెండు వేలకు కాస్త ఎక్కువ. "వాడడుగుతున్న ఆ ఆటల కంప్యూటరు దీంతో కొనిపెట్టండి" అని ఆసుపత్రి మంచం మీద నుంచి రెండుసార్లు చెప్పింది. నేను సరేనన్నాను. అని, రెండేళ్ళు కొనలేదు. ఇంటరు పరీక్షలన్నాను, ప్రవేశ పరీక్షలన్నాను, ఆటల మీద అంత సొమ్మా అని లోపల అనుకున్నాను. వాడు ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే కోప్పడేవాణ్ణేమో. ఆ అవకాశమూ ఇవ్వలేదు.

2024 వర్షాకాలంలో, వాడు ఇంజనీరింగులో చేరిన వారానికి, నేనే ఎత్తాను ఆ మాట. ఎత్తినవాణ్ణి ఊరుకోక, ఏఎమ్‌డీ వారి కొత్త తరం ప్రాసెసర్లు వస్తున్నాయని పత్రికలో చదివానని, ఇంకొన్నాళ్ళు ఆగితే మంచిదేమోనని కూడా అన్నాను. "ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది తాతయ్యా" అన్నాడు వాడు. అందులో నిష్ఠురమేమీ లేదు. నాకు మాత్రం తగిలింది.

ఇక ఆ వారమంతా వాడు గురువు, నేను శిష్యుణ్ణి. పాత హాజరుపట్టీ వెనుక ఖాళీ కాగితాల్లో వ్రాసుకున్నాను. ఇన్నాళ్ళూ కంప్యూటరంటే ఒక వస్తువనుకున్నాను. కాదట, ఏడెనిమిది వస్తువుల కాపురమట. ఎవరికి ఎవరితో పొసగుతుందో ముందే చూసుకోవాలి. జాతకాలు కలపడమని పోల్చబోయాను గానీ, జాతకాలు కలవకపోయినా నిక్షేపంగా ఉన్న సంసారాలు నాకు చాలా తెలుసు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

వాడు ముందుగా ప్రాసెసరును ఎంచుకున్నాడు. రైజెన్ 5 7600. అది కూర్చునే పీఠాన్ని సాకెట్ అంటారు. 2016లో వచ్చిన ఏఎమ్4 పద్ధతిలో ప్రాసెసరు కడుపున 1331 సూదులుండేవి. 2022లో వచ్చిన ఏఎమ్5లో సూదులు బోర్డుకు మారాయి, ప్రాసెసరుకు చదునైన చుక్కలు మిగిలాయి. లెక్క కూడా 1718కి పెరిగింది. కాబట్టి దానికి ఏఎమ్5 బోర్డే కావాలి. వాడు బీ650 రకం తీసుకుందామన్నాడు. పీఠం కుదిరితే చాలదట. బోర్డులోని బయాస్ అనే మూలలిపి పాతదైతే, తనకంటే తరువాత పుట్టిన ప్రాసెసరును గుర్తుపట్టదట. వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టి ఎవరు మీరని అడిగినట్టు. మేం తీసుకునే జతకు ఆ బెడద లేదని చెప్పాడు.

బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060. దాని పొడవు కేబినెట్లో పడుతుందా అని స్కేలు పెట్టి కాగితం మీద కొలిచాం. నాకు బాగా నచ్చిన ఘట్టం అది, చేతికి అందే లెక్క. విద్యుత్తు దగ్గర మాత్రం వాదించాను. కార్డుకు 115 వాట్లు, ప్రాసెసరుకు 65 వాట్లు అని రాసి ఉండగా 650 వాట్ల పవర్ సప్లై ఎందుకు, బిల్లు పేలిపోదా అన్నాను. 650 అన్నది అది ఇవ్వగలిగినదే తప్ప ఎప్పుడూ తాగేది కాదన్నాడు. లోపలివి అడిగినంతే ఇస్తుంది. అవి ఒక్కోసారి రాసినదానికంటే ఎక్కువ అడుగుతాయి. పైగా కార్డు చేసినవారే కనీసం 550 ఉండాలంటున్నారు. "మన ట్యాంకు వెయ్యి లీటర్లదైతే రోజూ వెయ్యి లీటర్లు వాడుతున్నామా?" అన్నాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేనిచ్చిన ఉపమానాల్లో ఇంత తేటగా కుదిరినవి కొన్నే.

చేసిన తప్పు నాదే. కొనే రోజున వాడికి కాలేజీలో ఏదో పరీక్ష. జాబితా పట్టుకుని సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు ఒక్కణ్ణే వెళ్ళాను. కొట్టతను జాబితా ప్రకారం ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతున్నాడు. మొత్తం మా ఆవిడ సొమ్మును దాటిపోతోంది. మిగతాది పింఛనులోంచి వేయాల్సిందే. చివర ర్యాము దగ్గరికి వచ్చేసరికి నాకొక ఆలోచన తట్టింది. 2018లో కొన్న నా పాత కంప్యూటరులో చెరి 8 జీబీల ర్యాము పలకలు రెండున్నాయి. అది మూలనపడి ఏడాదయింది. కొత్త ప్రాసెసర్లకు డీడీఆర్4 ర్యాము కూడా పనిచేస్తుందని ఎక్కడో చదివాను. దానికీ డీడీఆర్5కూ కాళ్ళు 288 చొప్పునే అనీ చదివాను. ఇంకేం కావాలి? ర్యామును కొట్టివేయించి, సొమ్ము మిగిల్చానన్న సంతోషంతో ఇంటికొచ్చాను. వాడికి చెప్పలేదు, అప్పటికప్పుడు చూపించి మెప్పు పొందాలని.

ఆదివారం హాల్లో దుప్పటి పరచి మొదలుపెట్టాం. వాడు ఇనుప కేబినెట్టును ఒకసారి తాకి, ఒంట్లో ఉన్న విద్యుత్తును వదిలించుకున్నాడు. ప్రాసెసరును రెండు వేళ్ళతో దించి, సాకెట్టు మీటను నొక్కాడు. అది కిర్రుమని బిగిసింది, నా గుండె ఝల్లుమంది. "ర్యామేదీ తాతయ్యా?" అన్నాడు. గుడ్డలో చుట్టి ఉంచిన నా నిధిని అందించాను.

వాడొకటి తీసుకుని, నొక్కకుండా, గాడి మీద ఊరికే ఆనించాడు. పొడవు సరిగ్గా సరిపోయింది. కానీ పలక అంచున ఉన్న చిన్న నొక్కు ఒకచోట, గాడిలోని అడ్డం ఇంకొకచోట. నాకు వెంటనే తెలిసిపోయింది. ఉత్పలమాలకూ మత్తేభానికీ పాదానికి 20 అక్షరాలే. ఒకదానికి యతి 10వ అక్షరం, రెండోదానికి 14వది. అక్షరాలు లెక్కపెట్టి పద్యం కుదిరిందనుకునే పిల్లలకు ఎన్ని వేలసార్లు ఎర్రసిరాతో దిద్దానో! నేను చదివింది ఇంటెల్ వారి సంగతట. వారి 12వ తరం నుంచి 14వ తరం దాకా రెండు రకాల ర్యాముకూ వేర్వేరు బోర్డులున్నాయి. ఏఎమ్5కు డీడీఆర్5 ఒక్కటే.

వాడు విసుక్కోలేదు. పలకను మళ్ళీ గుడ్డలో చుట్టి నా చేతిలో పెడుతూ, "అమ్మమ్మయితే అడిగేది తాతయ్యా" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడన్నది ర్యాము సంగతి ఒక్కటే కాదని నా నమ్మకం. వాడినెప్పుడైనా నేనేమడిగాను? మార్కులడిగాను.

మరునాడు సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్ళి డీడీఆర్5 పలకలు రెండు తెచ్చాం. ఉన్న నాలుగు గాళ్ళలో రెండోదానిలోనూ నాలుగోదానిలోనూ పెట్టాలట, అప్పుడే రెండు దారుల్లోనూ పని జరుగుతుందట. ఈసారి అడిగి తెలుసుకున్నాను. మీట నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు, మూడు. నాకు చెమటలు పట్టాయి. "ఏమైందిరా?" అన్నాను. డీడీఆర్5తో మొదటిసారి ఇలాగే ఉంటుందని, బోర్డు ర్యాముతో వేగం కుదుర్చుకోవడం నేర్చుకుంటోందని, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుందని చెప్పాడు. ఆపలేదు. కాసేపటికి తెర వెలిగింది.

తక్కినవన్నీ ఎక్కించేసరికి రాత్రి పన్నెండయింది. వాడు మొదట తెరిచింది లారీ ఆటే, ఫోనులోది కాదు, పెద్దది. వాన పడుతోంది, అద్దం మీద చినుకులు జారుతున్నాయి. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. కొంతసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"ఎక్కడికి పోతోందిరా ఈ లారీ?" అన్నాను.

వాడు నా వైపు తిరగలేదు. కాస్త ఆగి, "బెర్లిన్‌కి తాతయ్యా. ఇంకా నాలుగు వందల కిలోమీటర్లుంది" అన్నాడు.